దివ్యాంగ ఉద్యోగులకు పనిచోట సర్దుబాట్లు: దాతలు, యజమానులు తెలుసుకోవలసిన విషయాలు



దానం విషయంలో మన సమాజం చేయి వెనక్కి తీసుకునేది కాదు. రంజాన్ నెల వచ్చిందంటే జకాత్, ఫిత్రా, సదఖా లెక్కలు ప్రతి ఇంట్లో మొదలవుతాయి. ఆ సొమ్ముతో ఎందరికో ట్రైసైకిళ్లు, చంకకర్రలు, వినికిడి యంత్రాలు, కుట్టు మిషన్లు అందుతున్నాయి. ఇవన్నీ అవసరమైనవే, అల్లాహ్ దాతల సొమ్ములో బర్కత్ ప్రసాదించుగాక. అయితే ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. మనం ఇచ్చిన ట్రైసైకిల్ ఎక్కి ఆ యువకుడు ఎక్కడికి వెళ్లాలి? అతను వెళ్లాలనుకునేది పనికి. ఆ పనిచోట గుమ్మానికి మూడు మెట్లుంటే మనం ఇచ్చిన బండి ఆ మెట్ల ముందే ఆగిపోతుంది.

ఈ సంచిక చదివే దాతల్లో చాలామంది యజమానులు కూడా. బట్టల దుకాణాలు, హోటళ్లు, బేకరీలు, మెకానిక్ షెడ్లు, టైలరింగ్ యూనిట్లు, పాఠశాలలు, క్లినిక్‌లు నడుపుతున్నవారు ఉన్నారు. కొందరు పెద్ద సంస్థల్లో అధికారులుగా ఉండి ఉద్యోగులను ఎంపిక చేస్తున్నారు. అందువల్ల దివ్యాంగులకు పని ఇవ్వడం, ఇచ్చిన పని వారు చేయగలిగేలా చూడడం మన చేతిలో ఉన్న విషయం. దాని గురించి చట్టం ఏం చెబుతుంది, మన చరిత్ర ఏం చెబుతుంది, ఆచరణలో ఏం చేయవచ్చు అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

సర్దుబాటు అంటే ఏమిటి?

ఒక ఉద్యోగి తన పనిని తోటివారితో సమానంగా చేయగలిగేందుకు పని చేసే చోటులోనో, వేళల్లోనో, పద్ధతిలోనో, పరికరాల్లోనో చేసే తగిన మార్పునే చట్టం భాషలో సహేతుకమైన సర్దుబాటు అంటారు. ఇందులో మూడు మాటలు ముఖ్యం. మొదటిది, ఆ మార్పు అవసరమైనదై ఉండాలి. రెండవది, అది ఆ వ్యక్తికి, ఆ పనికి తగినదై ఉండాలి. మూడవది, అది యజమాని మీద మోయలేని భారం కాకూడదు. నలుగురు పనిచేసే కిరాణా కొట్టుకు మోయలేని ఖర్చు నాలుగు వందల మంది పనిచేసే కంపెనీకి లెక్కలోకి రాకపోవచ్చు. అందుకే భారం ఎంత అన్నది సంస్థ స్తోమతను బట్టి చూడాలి.

ఇక్కడ రెండు విషయాలను వేరుగా అర్థం చేసుకోవాలి. ర్యాంపు కట్టడం, వెడల్పాటి తలుపు పెట్టడం లాంటివి ఎవరు వస్తారో తెలియకముందే అందరి కోసం చేసి ఉంచే ఏర్పాట్లు. వీటిని అందుబాటు ఏర్పాట్లు అంటారు. సర్దుబాటు అలా కాదు. ఒక మనిషి ఎదురుగా వచ్చాక, అతని పరిస్థితిని తెలుసుకుని, అతనితో మాట్లాడి చేసేది. చూపు లేని ఇద్దరికి ఒకే రకం సర్దుబాటు సరిపోకపోవచ్చు. ఒకరికి బ్రెయిలీ వచ్చు, మరొకరు నడి వయసులో చూపు కోల్పోయి ఫోన్‌లోని గొంతు మీదే ఆధారపడి ఉంటారు.

సర్దుబాటు అంటే పని ప్రమాణాన్ని తగ్గించడం కాదు. కాజాలు సరిగా ఉండాలి, లెక్క సరిగా తేలాలి, ఆర్డరు వేళకు అందాలి. అక్కడికి చేరే దారిని మాత్రమే మారుస్తాం.

ఇది మనకు కొత్త సంగతి కాదు. రంజాన్‌లో మన దుకాణాల్లో ఏం చేస్తాం? ఇఫ్తార్ వేళకు పని ఆపుతాం. తరావీహ్ కోసం షిఫ్టులు మారుస్తాం. ఉపవాసం ఉన్నవారికి మిట్ట మధ్యాహ్నం బరువులు మోసే పని చెప్పకుండా చూస్తాం. వ్యాపారం ఆగిపోదు, పనీ చెడదు. ఎవరూ దానిని దయ అనుకోరు. దివ్యాంగ ఉద్యోగి అడిగేది కూడా ఇలాంటిదే. తేడా ఏమిటంటే, అతనికి అది ఏడాది పొడవునా కావాలి.

నిజానికి చట్టాల్లో ఈ ఆలోచన మొదట వచ్చింది మతాచరణ విషయంలోనే. అమెరికాలో ఉద్యోగి మతాచరణకు యజమాని తగిన సర్దుబాటు చేయాలని 1972లో పౌరహక్కుల చట్టానికి సవరణ తెచ్చారు. తర్వాత అదే సూత్రం దివ్యాంగుల విషయంలోకి వచ్చి, 1990 నాటి అమెరికా దివ్యాంగుల చట్టంలో స్థిరపడింది. అక్కడి నుంచి అనేక దేశాలకు వ్యాపించింది. ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబర్ 13న ఆమోదించిన దివ్యాంగుల హక్కుల ఒడంబడికలో సహేతుకమైన సర్దుబాటుకు నిర్వచనం ఉంది. మన దేశం ఆ ఒడంబడికను 2007లో ధ్రువీకరించింది. జుమా నమాజుకు గంటసేపు వెసులుబాటు కావాలని ఏ కార్యాలయంలోనైనా మనం అడిగినప్పుడు మనం నిలబడే సూత్రమూ, వీల్‌చైర్‌లో ఉన్న ఉద్యోగి ర్యాంపు అడిగినప్పుడు నిలబడే సూత్రమూ ఒకటే.

మన చరిత్ర నేర్పే పాఠం

హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అంధులైన సహాబీ. ఖుర్ఆన్‌లోని 80వ సూరా, సూరా అబస, ఆయన విషయంలోనే అవతరించిందని మనందరికీ తెలుసు. ప్రవక్త (స) ఖురైష్ పెద్దలతో మాట్లాడుతున్న వేళ ఆయన నేర్చుకోవాలని వచ్చిన సందర్భం అది. ఈ సంఘటనను మనం బయాన్‌లలో తరచు వింటాం. కానీ ఆ తర్వాతి కథను అంతగా గమనించం.

మదీనాలో ప్రవక్త (స) ఆయనకు అజాన్ చెప్పే బాధ్యతను అప్పగించారు. హజ్రత్ బిలాల్ (రజి) తెల్లవారకముందే అజాన్ చెప్పేవారు. ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అజాన్ వినిపించేదాకా సహరీ తినవచ్చని ప్రవక్త (స) చెప్పినట్లు హదీసుల్లో ఉంది. అంటే ఉపవాసం మొదలయ్యే వేళను ఊరంతటికీ ప్రకటించే బాధ్యత చూపు లేని వ్యక్తి చేతిలో ఉంది. ఉషోదయాన్ని కళ్లతో చూడలేని మనిషికి ఆ పని ఎలా సాధ్యమైంది? తెల్లవారిందని పక్కనున్నవారు చెప్పేవారు. చెప్పాకే ఆయన అజాన్ ఇచ్చేవారు.

ఇందులో పాఠం చాలా స్పష్టంగా ఉంది. ఆయనకు ఇచ్చింది ఖైరాత్ కాదు, నిజమైన బాధ్యత. ఆ పనికి కావలసిన ముఖ్య అర్హత గొంతు, నమ్మకం. అవి ఆయనలో ఉన్నాయి. లేనిదల్లా వేళ గుర్తించే చూపు. ఆ ఒక్క చోట మరొకరి మాట సాయంగా నిలిచింది. నేటి చట్టం సహేతుకమైన సర్దుబాటు అని పిలిచేది సరిగ్గా దీనినే. అంతే కాదు, ప్రవక్త (స) మదీనా విడిచి వెళ్లిన కొన్ని సందర్భాల్లో ఆయనను తమ స్థానంలో నియమించి, ఇమామత్ బాధ్యతను కూడా అప్పగించారు.

తర్వాతి కాలంలోనూ ఇలాంటి ఉదాహరణలు కనిపిస్తాయి. ఉమయ్యద్ ఖలీఫా వలీద్ ఇబ్నె అబ్దుల్ మలిక్ (పాలన 705–715) నడవలేనివారికి సేవకులను, చూపు లేనివారికి దారి చూపేవారిని ఏర్పాటు చేసి, వారు యాచించే అవసరం లేకుండా భత్యాలు ఇచ్చారని చరిత్రకారులు రాశారు. మక్కాలో ఫత్వాలకు పెద్ద దిక్కుగా నిలిచిన అతా ఇబ్నె అబీ రబాహ్‌కు కాలు సరిగా ఉండేది కాదు, చివరి రోజుల్లో చూపు కూడా పోయింది. అయినా జనం ఆయన పాఠం కోసం కూర్చున్నారు.

సహాయం అడగడానికి వచ్చిన ఒక అన్సారీ సంగతి కూడా మనకు తెలుసు. ప్రవక్త (స) అతని ఇంట్లో ఉన్న గుడ్డను, గిన్నెను వేలం వేయించి రెండు దిర్హమ్‌లు వచ్చేలా చేశారు. ఒకదానితో ఇంటికి తిండి, మరొకదానితో గొడ్డలి కొనమన్నారు. గొడ్డలికి పిడి తమ చేతులతో బిగించి ఇచ్చి కట్టెలు కొట్టుకు రమ్మన్నారు. చేతికి సరిపడే పనిముట్టు ఇచ్చి పనికి పంపడం మన సంప్రదాయంలోనే ఉందన్నమాట.

మన దేశ చట్టం ఏమంటుంది?

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో దివ్యాంగుల సంఖ్య సుమారు 2 కోట్ల 68 లక్షలు, అంటే జనాభాలో 2.21 శాతం. వారిలో ఏదో ఒక పని చేస్తున్నవారు దాదాపు 36 శాతం మాత్రమే.

దివ్యాంగుల కోసం మొదటి సమగ్ర చట్టం 1995లో వచ్చింది. అందులో 7 రకాల వైకల్యాలను గుర్తించారు. దాని స్థానంలో దివ్యాంగుల హక్కుల చట్టం 2016 వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలవుతోంది. ఇందులో 21 రకాలున్నాయి. కదలికకు, చూపుకు, వినికిడికి సంబంధించినవే కాకుండా ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి, పార్కిన్సన్స్, యాసిడ్ దాడి బాధితులు కూడా ఈ జాబితాలో ఉన్నారు. బయటకు కనిపించని వైకల్యాలు ఇందులో చాలా ఉన్నాయని యజమానులు గుర్తుంచుకోవాలి.

యజమానులు తెలుసుకోవలసిన ముఖ్యాంశాలు ఇవి:

1. ప్రభుత్వ సంస్థలు దివ్యాంగ ఉద్యోగులకు సహేతుకమైన సర్దుబాటు, అడ్డంకులు లేని వాతావరణం కల్పించాలి. ఇది 20వ సెక్షన్.

2. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినంత మాత్రాన ప్రభుత్వ ఉద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. ఉన్న పని చేయలేకపోతే అదే జీతంతో మరో పనికి మార్చాలి. అలాంటి పోస్టు లేకపోతే దొరికేదాకా, లేదా పదవీ విరమణ దాకా, అదనపు పోస్టు సృష్టించి ఉంచాలి.

3. ప్రతి సంస్థ సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. ఇది 21వ సెక్షన్. 20 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థల విధానంలో దివ్యాంగులకు కల్పించే సౌకర్యాలు, వారికి తగిన పోస్టులు, వారి విషయం చూసే అధికారి వంటి వివరాలు ఉండాలని 2017 నాటి నిబంధనలు చెబుతున్నాయి.

4. ప్రభుత్వ ఉద్యోగాల్లో 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి 4 శాతం రిజర్వేషన్ ఉంది. ప్రైవేటు సంస్థల్లో నిర్బంధ కోటా లేదు. అయితే సిబ్బందిలో 5 శాతం దివ్యాంగులు ఉండేలా యజమానులను ప్రోత్సహించాలని 35వ సెక్షన్ ప్రభుత్వాలకు చెబుతోంది.

గమనించండి, చట్టం గట్టిగా పట్టుకున్నది ప్రభుత్వ సంస్థలను. పది మంది పనిచేసే మన దుకాణాన్ని చట్టం దాదాపు మన మనస్సాక్షికే వదిలేసింది. అందుకే ఈ వ్యాసం చట్టంతో ముగియదు.

న్యాయస్థానాల మాట

సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని ఈ సూత్రానికి ప్రాణం పోశాయి. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసు తీర్పు వచ్చింది. రాసేటప్పుడు చేయి పట్టేసే సమస్య ఉన్న అభ్యర్థి సివిల్స్ పరీక్షలో లేఖకుని సాయం అడిగారు. 40 శాతం వైకల్యం లేదని నిరాకరించడం సరికాదని, సర్దుబాటు పొందే హక్కు ఆ కొలతకే పరిమితం కాదని కోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో, మానసిక అనారోగ్యం ఉన్న కేంద్ర రిజర్వు పోలీసు దళ ఉద్యోగి కేసులోనూ కోర్టు ఉద్యోగి పక్షాన నిలిచింది.

2025 ఆగస్టులో వచ్చిన తీర్పు మన తెలుగు నేలకు చెందినది. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేరిన వ్యక్తికి రంగులు గుర్తించే చూపులో లోపం ఉందని తేలడంతో వైద్య కారణాల మీద ఉద్యోగం నుంచి పంపేశారు. బస్సు నడపలేని మనిషి చేయగల మరో పని ఆ సంస్థలో ఉందేమో మనస్ఫూర్తిగా వెతకకుండా ఇంటికి పంపడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. తగిన ప్రత్యామ్నాయ ఉద్యోగం అదే జీతస్థాయిలో ఇవ్వాలని తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. స్టీరింగు దగ్గర కూర్చోవడం ప్రయాణికులకు ప్రమాదం కావచ్చు. కానీ అంత పెద్ద సంస్థలో డ్రైవింగ్ ఒక్కటే పని కాదు కదా.

2024 నవంబర్‌లో భవనాలు, రవాణా, సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలన్న కేసులో సుప్రీంకోర్టు తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన అధ్యయనం చేసింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని దివ్యాంగుల అధ్యయన కేంద్రం.

ఎవరికి ఏ సర్దుబాటు?

*నడవడం, నిలబడడం కష్టమైనవారికి:* గుమ్మం దగ్గర ర్యాంపు. దీనికి ఒక లెక్క ఉంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. అరుగు అడుగున్నర ఎత్తు ఉంటే ర్యాంపు పద్దెనిమిది అడుగులు సాగాలి. మన వీధుల్లో చాలాచోట్ల మూడు నాలుగు అడుగుల్లో నిట్టనిలువుగా సిమెంటు పోసి ర్యాంపు అంటున్నారు. దాని మీద వీల్‌చైర్ ఎక్కదు, ఎక్కినా దిగేటప్పుడు ప్రమాదం. చోటు లేకపోతే తాత్కాలిక చెక్క ర్యాంపు, లేదా వెనుక వైపు చదునైన దారి చూడవచ్చు. నిలబడి చేసే కౌంటరు పనికి ఎత్తు స్టూలు, మేడ మీది పనికి బదులు కింది అంతస్తులో చోటు, మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి కడ్డీ. ఈ నాలుగింటితో చాలామందికి పని సాధ్యమవుతుంది. వుజూ చేసుకునే చోట ఒక కుర్చీ, చేతికందే కుళాయి ఉంటే అదీ సర్దుబాటే.

*చూపు లేనివారికి, చూపు తక్కువైనవారికి:* కంప్యూటర్ తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగునూ చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ముందే ఉంటుంది. నోట్ల విలువను చెప్పే ‘మణి’ అనే యాప్‌ను రిజర్వు బ్యాంకు 2020లో విడుదల చేసింది. చూపు తక్కువైనవారికి పెద్ద అక్షరాలు, మంచి వెలుతురు చాలు. మెట్ల అంచులకు పసుపు పట్టీ వేయాలి. సరుకుల అరలను మాటిమాటికీ మార్చకూడదు, మారిస్తే ముందుగా చెప్పాలి.

*వినికిడి లోపం ఉన్నవారికి:* ఆర్డర్లను అరిచి చెప్పడానికి బదులు చీటీ మీదో, బోర్డు మీదో, వాట్సాప్‌లోనో రాయడం. మాటను తెలుగు అక్షరాలుగా మార్చి చూపే ఫోన్ యాప్‌లను వాడడం. గంటకు, ఫైర్ అలారానికి తోడుగా వెలిగే దీపం పెట్టడం. తోటివారు ఓ పాతిక సంజ్ఞలు నేర్చుకోవడం. మాట్లాడేటప్పుడు ఎదురుగా నిలబడి, నోరు కనిపించేలా మాట్లాడడం.

*మేధో వైకల్యం, ఆటిజం ఉన్నవారికి:* పనిని చిన్న మెట్లుగా విడగొట్టి బొమ్మల చార్టు వేయడం, ఒకేసారి ఒకే పని చెప్పడం, మొదటి వారాల్లో ఒక్కరే నేర్పడం. సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పడిన జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ ఈ రంగంలో దేశానికే పేరున్నది. ప్యాకింగ్, బేకరీ పని, ఫైళ్లు సర్దడం, తోట పని వంటి వాటిలో ఓపికగా నేర్పితే వీరు నిలకడగా పనిచేస్తారు. ఆటిజం ఉన్నవారికి పెద్ద శబ్దాలు బాధ కలిగిస్తే మిక్సీల దగ్గర కాకుండా నిశ్శబ్దంగా ఉండే చోటు ఇవ్వాలి.

*మానసిక అనారోగ్యం ఉన్నవారికి:* మందుల వల్ల ఉదయం మత్తుగా ఉంటే తొమ్మిదికి బదులు పదిన్నరకు రానివ్వడం, వైద్యుని దగ్గరకు వెళ్లడానికి సెలవు, పని చెప్పేటప్పుడు రాసి ఇవ్వడం. వీటన్నిటికంటే ముఖ్యం, విషయాన్ని గుట్టుగా ఉంచడం. ‘పిచ్చి’ అన్న మాట షాపులో ఒక్కసారి పడితే ఆ మనిషి తిరిగి రాడు.

*రక్త సంబంధ వ్యాధులు ఉన్నవారికి:* తలసేమియా ఉన్న యువతకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఆ రోజు సెలవు ముందే ఖరారు చేసి పెడితే చాలు, మిగతా రోజుల్లో వారు అందరిలాగే పనిచేస్తారు. సికిల్ సెల్ ఉన్నవారికి తరచు నీళ్లు తాగే వీలుండాలి, విపరీతమైన చలిలో, ఎండలో పని చెప్పకూడదు.

దివ్యాంగులైన మహిళల విషయం వేరుగా చెప్పాలి. వారికి పని దొరకడం ఒక కష్టమైతే, ఇంటివారు పంపడం మరో కష్టం. శుభ్రమైన, గొళ్లెం పడే మరుగుదొడ్డి, చీకటి పడకముందు ఇంటికి చేరే వేళలు, నమ్మకమైన ఆటో ఉంటే తల్లిదండ్రుల భయం చాలావరకు తీరుతుంది. ఇంటి నుంచే కుట్టుపని, ఫోన్ ద్వారా బుకింగ్‌లు, లెక్కలు రాయడం వంటివి అప్పగించడం కూడా సర్దుబాటే.

ఖర్చు ఎంత?

యజమానులు మొదట అడిగేది ఇదే. పైన చెప్పిన వాటిని మళ్లీ చూడండి. పని వేళలు మార్చడం, చీటీ రాయడం, చోటు మార్చడం, అరలు కదల్చకుండా ఉంచడం, ఇవేవీ డబ్బుతో కూడినవి కావు. అమెరికాలో ఈ విషయంపై ఏళ్ల తరబడి యజమానులను సర్వే చేస్తున్న సంస్థకు తేలింది కూడా ఇదే, సర్దుబాట్లలో సుమారు సగానికి ఏ ఖర్చూ కాలేదు. ఖర్చయిన వాటిలోనూ ఎక్కువ భాగం ఒకసారి పెట్టి ఊరుకునేవే. పని నేర్చిన మనిషిని పోగొట్టుకుని కొత్తవారిని వెతికి నేర్పే ఖర్చుతో పోల్చి చూస్తే స్టూలు ఖరీదు ఎంత?

ఇరవై ఏళ్లు మన దగ్గర కుట్టుపని చేసిన మాస్టర్‌కు షుగర్ వల్ల చూపు మందగించిందనుకుందాం. ఒక నెల జీతం చేతిలో పెట్టి, దుఆ చేయమని చెప్పి పంపడం చాలాచోట్ల జరిగేదే. ఆ మాస్టర్ ఆర్నెల్ల తర్వాత ఏదో ఒక సంస్థ తలుపు దగ్గర జకాత్ కోసం నిలబడతాడు. అదే మాస్టర్‌ను కటింగ్ కొలతలు చెప్పడానికి, కుర్రాళ్లకు పని నేర్పడానికి, కస్టమర్లతో మాట్లాడడానికి ఉంచుకుంటే? అతని ఇరవై ఏళ్ల పనితనం దుకాణంలోనే ఉంటుంది, అతని ఇల్లు నిలబడుతుంది. జకాత్ పుచ్చుకునే స్థితికి ఒక కుటుంబం జారకుండా చూడడం కూడా గొప్ప సేవే.

తరచు వినిపించే సందేహాలు

*‘మిగతా పనివాళ్లు మాకెందుకు ఇవ్వరు అంటారు.’* నిజమే, అంటారు. కళ్లద్దాలు అవసరమైనవారికే ఇస్తాం కదా అని చెప్పాలి. అతని అనారోగ్య వివరాలు మాత్రం బయట పెట్టకూడదు. ‘అతనికి అవసరమైంది, మీకు అవసరమైతే మీకూ చూస్తాం’ అంటే సరిపోతుంది.

*‘ప్రమాదం జరిగితే ఎవరిది బాధ్యత?’* ఊహించిన భయానికీ, నిజమైన ప్రమాదానికీ తేడా చూడాలి. వినపడనివారు వంటింట్లో పని చేయలేరన్నది ఊహ. ఆ వంటింట్లో హెచ్చరిక దీపం లేదన్నది నిజం. దీపం పెడితే ప్రమాదం తగ్గుతుంది. ఈఎస్ఐ వర్తించే సంస్థల్లో దివ్యాంగ ఉద్యోగులకు జీత పరిమితి మిగతావారికంటే ఎక్కువగా నెలకు 25,000 రూపాయలుగా ఉంచారు. ఆ బీమా ఉంటే యజమానికీ నిశ్చింత.

*‘పని నెమ్మదిగా చేస్తారు, జీతం తక్కువ ఇవ్వవచ్చా?’* ఒకే పనికి ఒకే జీతం. వైకల్యాన్ని చూపించి జీతం కోయడం అన్యాయం. సర్దుబాటుకైన ఖర్చును జీతంలోంచి పట్టుకోవడం అంతకంటే అన్యాయం. తక్కువ జీతానికి పనిచేయించుకుని దానిని ఖైరాత్ ఖాతాలో రాసుకోకూడదు.

*‘సహాయం చేశాం, ఆ మాట నలుగురికీ తెలియాలి కదా?’* చేసిన మేలును ఎత్తిచూపి, మనసు నొప్పించి దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని సూరా బఖరాలో మనకు హెచ్చరిక ఉంది. ఉద్యోగి ఉద్యోగే. అతని ఫోటో మన గొప్పకు వాడుకునే వస్తువు కాదు.

యజమాని వేయవలసిన అడుగులు

1. ముందుగా అడగండి: ‘ఈ పనిలో మీకు ఎక్కడ ఇబ్బంది? ఏం ఉంటే సులువవుతుంది?’ జవాబు అందరికంటే అతనికే బాగా తెలుసు.

2. పనిలో తప్పనిసరి భాగమేది, అలవాటు కొద్దీ వచ్చిన భాగమేది వేరుచేయండి. క్యాషియర్‌కు లెక్క తప్పనిసరి, పొద్దున్నే షట్టరు ఎత్తడం కాదు.

3. ఒక మార్పును రెండు మూడు వారాలు చేసి చూడండి. కుదరకపోతే మరొకటి ప్రయత్నించండి.

4. ఒప్పుకున్నది కాగితం మీద రాసుకోండి. మేనేజర్ మారినా మాట మారకూడదు.

5. ఆర్నెల్లకొకసారి మళ్లీ మాట్లాడండి. ఆరోగ్యం మారుతుంది, పని మారుతుంది.

దాతలుగా మనం ఏం చేయవచ్చు?

మన దుకాణంలో ర్యాంపు కట్టించిన ఖర్చును జకాత్‌లో చూపుకోలేం, అది మన వ్యాపార ఖర్చు. జకాత్ సొమ్ముకు షరతులున్నాయి కాబట్టి అర్హుడైన దివ్యాంగునికి పనిముట్టు, శిక్షణ వంటివి ఇచ్చేటప్పుడు ఉలమాను సంప్రదించి చేయాలి. సదఖా, ఇతర విరాళాల విషయంలో మనకు వెసులుబాటు ఎక్కువ. వాటితో చేయగలిగినవి చాలా ఉన్నాయి. చూపు లేని డిగ్రీ విద్యార్థికి స్క్రీన్ రీడర్ శిక్షణ ఇప్పించవచ్చు. పనికి వెళ్లే మహిళకు మొదటి మూడు నెలల ఆటో ఖర్చు ఇవ్వవచ్చు. చిన్న దుకాణదారు భరించలేని ర్యాంపుకు సాయం చేయవచ్చు. వైకల్య ధ్రువపత్రం కోసం ఆసుపత్రికి తోడు వెళ్లే మనిషిని ఏర్పాటు చేయవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలకు పెరిగింది. అది తిండికి ఆసరా. కానీ ఇరవై రెండేళ్ల కుర్రాడు పింఛను మీద పెళ్లి చేసుకోలేడు, తల్లిని హజ్‌కు పంపాలని కల కనలేడు, తానే ఒకరోజు దాతగా మారలేడు. ఆ దారి పని నుంచే మొదలవుతుంది.

అందుకే ఈ సంచిక చదివిన ప్రతి యజమానికీ మా విన్నపం ఇది. విరాళం రాసే ముందు ఒకసారి మీ దుకాణం గుమ్మం ముందు నిలబడి చూడండి. ట్రైసైకిల్ మీద వచ్చినవాడు లోపలికి రాగలడా? వినపడనివాడికి అక్కడ మాట అందుతుందా? పని అడిగితే ముందుగా అతని కాలు చూస్తామా, చేతిలోని విద్య చూస్తామా? ఈ ఏడాది ఒక్క ఉద్యోగం, ఒక్క సర్దుబాటు మన దగ్గర మొదలైతే వచ్చే రంజాన్‌కు జకాత్ వరుసలో ఒక కుటుంబం తక్కువగా ఉంటుంది, ఇన్షా అల్లాహ్.

అల్లాహ్ మన సంపాదనలో బర్కత్‌ను, మన ద్వారాల్లో వెడల్పును ప్రసాదించుగాక. ఆమీన్.